ఓబుళమ్మకు రాసిచ్చిన చుట్టు టికెట్టు

1956 జనవరి. నంద్యాల స్టేషన్లో బుకింగ్ క్లర్కుగా నాకది ఆరో ఏడు. అంతకు ముందు ద్రోణాచలంలో చేశాను. మాది మీటర్‌గేజి లైను. గుంటూరు వైపు పోయే బండికీ, గుంతకల్లు వైపు పోయే బండికీ మధ్య చాలా ఖాళీ దొరికేది. ఆ ఖాళీలో గోడకు అంటించిన రైల్వే మ్యాపు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఢిల్లీకీ, బొంబాయికీ ఎందరికో టికెట్లు ఇచ్చాను గానీ నేను గుంతకల్లు దాటి ఎరగను. ఉద్యోగి కుటుంబంతో తిరిగి రావడానికి రైల్వే ఏటా ఇచ్చే ఫ్రీ పాసు నా విషయంలో కాగితం మీదే మురిగిపోయేది. మా అమ్మ పక్షవాతంతో మంచంలో ఉంది. ఆమెను వదిలి నేనూ మా ఆవిడా పోయే వీల్లేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గరికి ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. బొట్టు లేదు. జొన్న కోతలు అయిపోయినట్టున్నాయి, చేతుల నిండా గీరలు. పేరు ఓబుళమ్మ, ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చానని చెప్పింది. కొంగు ముడి విప్పి ఐదు పోస్టుకార్డులు తీసి కిటికీ సందులోంచి లోపలికి తోసింది.

"ఈ ఊర్లకు టికెట్ కావల్లప్పా. ఇట్లనే, వరసగా."

కార్డులు పసుపుపచ్చగా మారి అంచులు చిరిగి ఉన్నాయి. అన్నీ ఆమె భర్త మద్దిలేటి రాసినవి. ఇరవై ఆరేళ్ల కిందట ఆయన లాహోరు మహాసభకు వాలంటీరుగా పోయాడు. తిరుగు దారిలో అమృత్‌సర్, ఢిల్లీ చూశాడు. అక్కణ్ణుంచి అహ్మదాబాదు చేరి సబర్మతి ఒడ్డున ఉండి, ఉప్పు నడక బయలుదేరాక ఆ జనం వెంట నడిచి నవసారి దగ్గర దండి దాకా వెళ్లాడు. తర్వాత జైలు. బయటికొచ్చిన కొన్నాళ్లకే బొంబాయిలో జ్వరంతో పోయాడని తోటివాడొకడు జాబు రాశాడు. శవం కూడా ఇంటికి రాలేదు. ఇదంతా ఆమె ఒక్కసారిగా చెప్పలేదు. నేను అడిగినదానికల్లా ఒక్కో ముక్క చెప్పింది. ఆమెకు చదువు రాదు. బడి అయ్యవారు చదవగా వినీ వినీ కార్డులన్నీ నోటికొచ్చేశాయి. చివరి కార్డు నేను చదవకముందే ఆమే అప్పజెప్పింది.

"ఈడ సముద్రముంది. నువ్వు చూళ్లేదు గదా. స్వరాజ్యం వచ్చినాక నిన్ను పిలుచుకొచ్చి చూపిస్తా."

స్వరాజ్యం వచ్చి తొమ్మిదో ఏడు నడుస్తోంది. కొడుకును పెంచి, చేను నిలబెట్టి, వాడికి పెళ్లి చేసేసరికి ఇన్నేళ్లు పట్టిందట. ఇప్పుడు పోతానంటే మరిది వద్దంటున్నాడు. ఆడమనిషివి, అంత దూరాలెందుకు, తిరుపతికి పోయిరా అంటున్నాడు. ఆ మాట మామూలుగానే చెప్పింది. కోపం లేదు. పోవడం మాత్రం ఖాయం చేసుకుని వచ్చింది.

కార్డుల్లో మొదటిది లాహోరుది. దాన్ని విడిగా తీసి ఆమె ముందు పెట్టాను.

"పెద్దమ్మా, ఈ ఊరికి టికెట్ రాయలేను."

"ఏం, రైలు పోదా?"

"ఆ ఊరు ఇప్పుడు మన దేశంలో లేదు."

ఆమె కార్డు వెనక్కి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆయప్ప పోయినప్పుడు ఉండె గదా" అంది.

గోడ మీది మ్యాపు వైపు చూశాను. రోజూ చూసే మ్యాపే అది. దేశం విడిపోయాక పాతది చించి కొత్తది అంటించింది కూడా నేనే. అంటించిన రోజున నాకేమీ అనిపించలేదు.

సర్క్యులర్ టూర్ టికెట్ అని ఒకటుంది. ఒక స్టేషన్లో ఎక్కి, వరసగా ఊళ్లు తిరిగి, మళ్లీ అదే స్టేషన్లో దిగేలా ఇచ్చే టికెట్టు. మేము చుట్టు టికెట్టు అనేవాళ్లం. దారి మొత్తం రాసి పై ఆఫీసుకు పంపితే, వాళ్లు ఒప్పుకున్నాక చేత్తో రాసి ఇవ్వాలి. మధ్యలో దిగడాన్ని బ్రేక్ జర్నీ అంటారు. దిగిన చోటల్లా అక్కడి స్టేషన్ మాస్టరు టికెట్టు వెనక ఊరి గుర్తు, తేదీ వేసి సంతకం చేస్తాడు. మా స్టేషన్లో కాశీ రామేశ్వరాలకు తప్ప అలాంటిది ఎవరూ అడిగినట్టు గుర్తులేదు. బెజవాడ, ఢిల్లీ, అమృత్‌సర్, మళ్లీ ఢిల్లీ, అహ్మదాబాదు, నవసారి, బొంబాయి, గుంతకల్లు, నంద్యాల. దారి గీస్తూ ఉంటే నేనే బయలుదేరుతున్నట్టు అనిపించింది.

మూడు వారాలకు అనుమతి వచ్చింది. తోడుగా ఆడబిడ్డ పోతానన్నాక మరిది కూడా మెత్తబడ్డాడు. ఇద్దరికీ టికెట్లు రాశాను. వాళ్లకు తెలుగు తప్ప రాదు. నేను హిందీ పరీక్షలు ప్యాసయి ఉన్నాను కాబట్టి ఒక్కో ఊరికి ఒక్కో చీటీ హిందీలో రాసిచ్చాను. ఈ పెద్దమ్మలను ఫలానా స్టేషన్లో దింపండి, ఫలానా చోటుకు దారి చూపండి, అని. ఏ చీటీ ఏ ఊరిదో తెలియడానికి ఓబుళమ్మ వాటిని పోస్టుకార్డుల మధ్య వరసగా పెట్టుకుంది. బండి కదిలాక కిటికీలోంచి నా వైపు చూడలేదు. ముందుకే చూస్తూ ఉంది.

ఆ నెలంతా డ్యూటీలో ఉన్నా నా మనసు మ్యాపు మీదే. ఈపాటికి నాగపూరు దాటి ఉంటారు, ఈపాటికి ఢిల్లీ, అని లెక్కలు వేసేవాణ్ణి. ఇంటికి వెళ్లి అమ్మకు అన్నం తినిపిస్తూ కూడా అవే లెక్కలు.

మార్చిలో ఒక పొద్దున గుంతకల్లు బండిలో దిగారు. ఆడబిడ్డ మూటలు చూసుకుంటూ ఉంటే, ఓబుళమ్మ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని నాతో మాట్లాడింది. ఎర్రకోట చాలా పెద్దదని, రాజ్‌ఘాట్‌లో జనం చెప్పులు వదిలి మాట్లాడకుండా నడుస్తారని చెప్పింది. సబర్మతి మన కుందూ ఏరు మాదిరే ఉందట, ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ. అమృత్‌సర్ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది.

"తెల్లోళ్లు జనాన్ని కాల్చిన తోటలో గోడకు తూటాల గుంతలుండాయి నాయనా. ఆయప్ప కార్డులో రాసిండె, ఏలు పెట్టి చూసినా అని. ఏ గుంతలో పెట్టిండునో నాకెట్ల తెలుస్తాది? అందుకే చెయ్యి అందినేటివన్నీ ముట్టుకున్నా."

అక్కణ్ణుంచి లాహోరు ముప్పై మైళ్లేనని ఎవరో చెప్పారట. స్టేషన్ చివరిదాకా నడిచి, ఆ వైపు పోయే పట్టాలు కాసేపు చూసి వచ్చిందట.

ప్రయాణం పూర్తయిన టికెట్లు మేము వెనక్కి తీసుకోవాలి. ఆమె ఇచ్చిన టికెట్టు తిప్పి చూశాను. ఢిల్లీ గుర్తు ఉంది, అమృత్‌సర్ ఉంది, అహ్మదాబాదు ఉంది. నవసారి లేదు.

"నవసారిలో దిగలేదా పెద్దమ్మా? చీటీ పోయిందా?"

"చీటీ ఉండాది. బండి నిల్చింది. ఎవురో దిగమని చెప్పినారు గూడా. నేనే దిగల్యా."

 ఎందుకని నేను అడగకముందే ఆమే చెప్పింది.

"అన్ని ఊర్లూ ఆయప్ప చూసినేటివి. ఆ సముద్రమొక్కటే నాకు చూపిస్తానన్నేది. నేనే పోయి చూసేస్తే ఇంగేముంటాది?"

బొంబాయిలోనూ సముద్రం ఉందని విని స్టేషన్ బయటికి రాలేదట. ఆడబిడ్డకు అందుకు కోపం. ఓబుళమ్మ కార్డులు కొంగున ముడేసుకుని ఆళ్లగడ్డ బస్సుకు పోయింది. ఆ టికెట్టును అందరి టికెట్లతో కలిపి కట్టలో పెట్టడానికి నాకు చాలాసేపు చేతులు రాలేదు.

1958లో మా అమ్మ పోయింది. ఆ మరుసటేడు మొదటిసారి పాసు తీసుకుని, మా ఆవిడతో కలిసి అదే దారిలో బయలుదేరాను. ఎర్రకోట ముందు నిలబడ్డప్పుడు ఇన్నేళ్లు ఆలస్యంగా వచ్చానే అనిపించింది. స్వరాజ్యం వచ్చిన రోజున కూడా నేను ద్రోణాచలం కౌంటర్లో టికెట్లు కొడుతూ ఉన్నాను. నవసారిలో మేము దిగాము. బస్సులో దండి పోయి ఒడ్డు వెంట చాలాసేపు నడిచాము. జాలరివాళ్లు తప్ప మనుషుల్లేరు. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. అయినా రాబుద్ధి కాలేదు.

తిరిగొచ్చాక ఒక ఆదివారం ఆళ్లగడ్డ పోయాను. ఓబుళమ్మ వసారాలో శనక్కాయలు ఒలుస్తూ ఉంది. పోయిన చోట్లన్నీ చెప్పాను గానీ దండి మాట ఎత్తలేదు. వినడం ఆమెకు ఇష్టమో కాదో అని భయం. ఆమే చేట పక్కన పెట్టింది.

"నవసారిలో దిగినావా?"

దిగానన్నాను. చెప్పమంటుందేమోనని చూశాను. సముద్రం ఎట్లుందని ఆమె అడగలేదు.

"ఆడ ఇసక మెత్తగుండాదా నాయనా, నడిచేకి?"

"మెత్తగానే ఉంది పెద్దమ్మా. తడి ఇసుక."

"అట్లయితే ఆయప్పకు కాళ్లు నొచ్చిండవులే" అంది. అని, చేట మళ్లీ దగ్గరికి లాక్కుంది.

ఊరి పేరు, దూరం, బండి వేళ తెలిస్తే బుకింగ్ క్లర్కు పని తెలిసినట్టేనని అన్నేళ్లూ అనుకున్నాను. ఆ రోజు బస్సులో నంద్యాల వస్తూ ఉంటే నాకు అర్థమైంది, ఆళ్లగడ్డ నుంచి దండి ఎంత దూరమో ఆ వసారాలో కూర్చున్నామెకు తెలిసినంతగా నాకు తెలియదని. ఆ తర్వాత నా కిటికీ దగ్గర ఎవరైనా టికెట్టు కొని కదలకుండా నిలబడితే, పక్కకు జరగమని నేను ఎప్పుడూ తొందరపెట్టలేదు.