గుమ్మం బయట కుర్చీ వేసిన మా అక్క

మా అక్క పోయిందన్న కబురు నాకు మిర్యాలగూడలో అందింది. మేనకోడలి పెళ్లిచూపులకని పుట్టింటికి వెళ్లాను. మధ్యాహ్నం భోజనాల వేళ, చేతిలో పప్పు గిన్నె, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్న ఫోన్. అవతల మా దవాఖాన ఎమర్జెన్సీలో పనిచేసే చిన్న సిస్టర్.

"మేడం, పెద్ద సిస్టర్‌ను తీస్కొచ్చిన్రు. తలల నరం చిట్లిందన్నడు సారు. మస్తు సూసినం మేడం... పోయింది" అని ఏడ్చింది.

"గుమ్మం కాడ ఎవరున్నరు?" అని అడిగాను.

"నేనే మేడం. ఆటోలకెళ్లి నేనే దించుకున్న."

గిన్నె కింద పెట్టాను. కళ్లలోకి నీళ్లు వచ్చేలోపే కడుపులో మంట లేచింది. ఆ పిల్ల ఎందుకు దించుకోవాలి? ఆ రోజు నేనెందుకు అక్కడ లేను? పోయిన మనిషిని తలుచుకుంటూ రాసే నాలుగు మాటల్లో ఇలాంటిది ఎవరూ రాయరని తెలుసు. కానీ మా అక్క గురించి నిజం రాయాలంటే నా కుళ్లు గురించి కూడా రాయాల్సిందే. పద్దెనిమిదేళ్లు ఆమె పక్కన దానితోనే బతికాను.

అక్క అంటే తోడబుట్టింది కాదు, తోటికోడలు. ఆమె భర్త, నా భర్త అన్నదమ్ములు. అత్తగారి ఊరు మఠంపల్లి. మేమిద్దరం కోదాడలో రెండు వీధుల ఎడంగా కాపురం ఉంటూ, ఒకే ట్రస్టు దవాఖానలో నర్సులుగా చేశాం. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. నేను పెళ్లై వచ్చేసరికే ఆమె అక్కడ ఎమర్జెన్సీకి ఇన్‌చార్జి. నాకు ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆమే. నాది నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్. ఆమెది అంతకంటే చిన్న చదువు. ఈ సంగతి నేను ఎవరితోనూ అనలేదు గానీ ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

ఆమెకో అలవాటు ఉండేది. ఎవరు వచ్చినా ముందు వాళ్ల పాదం పట్టుకునేది. కొత్తవాళ్లు దండం పెడుతోందేమోనని కాళ్లు వెనక్కి లాక్కునేవాళ్లు. ఆమె చూసేది వేడి. "నోరు బాగనే ఉన్న అంటది. కాలు అబద్ధమాడదు" అనేది. లోపల రక్తం కారుతున్నవాళ్ల పాదాలు ముందే చల్లబడతాయని నేను పుస్తకంలో చదివాను. పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాను. అయినా నా చేయి ఎప్పుడూ ముందుగా కాగితం మీదికే పోయేది.

ఇంట్లోనూ అంతే. అత్తమ్మకు షుగర్. రోజూ ఇన్సులిన్ వేయాలి. ఆమె మా ఇంట్లో ఉన్న నెలల్లో నేను సూది పట్టుకుని వెళితే, "పెద్దది రానియ్యి. దాని చేతికి నొప్పే తెల్వదు" అనేది. సూది అదే, మందు అదే. నేను సూది పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లి గిన్నెలు గట్టిగా కడిగేదాన్ని.

అసలు కథ నా శిక్షణతో మొదలైంది. దవాఖాన వాళ్లు నన్ను పది రోజులు హైదరాబాద్ పంపారు. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లలో ఎవరిని ముందు చూడాలి అన్నది అక్కడ నేర్పిన పాఠం. అప్పటిదాకా మా దగ్గర ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లది ముందు. ఎవరి వెనక పది మంది ఉంటే వాళ్లది ముందు. హైవే మీద ప్రమాదాలు, పొలాల్లో పాముకాట్లు, పురుగుమందు తాగినవాళ్లు, జ్వరాలు, అన్నీ ఒకే గుమ్మంలోంచి కలిసిపోయి వచ్చేవి. నేను తిరిగొచ్చి పెద్ద పట్టిక రాశాను. ప్రాణం మీదికొస్తే ఎరుపు, కాస్త ఆగగలిగితే పసుపు, తొందర లేకపోతే ఆకుపచ్చ. లామినేషన్ చేయించి గోడకు పెట్టాను. చాలా అందంగా ఉండేది. ఎవరూ చదవలేదు.

అక్క ఒక్కతే అడిగింది. డ్యూటీ దిగి ఆటోలో వస్తుంటే, "గదేందో నాకు జర సమజ్ చెయ్యి చెల్లె" అంది. ఇల్లు వచ్చేదాకా చెప్పాను. ఇల్లు వచ్చాక వాకిట్లో నిలబెట్టి ఇంకో అరగంట అడిగింది.

తర్వాతి వారం ఆమె ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లి ఎమర్జెన్సీ గుమ్మం బయట, ఆటోలు ఆగేచోట వేసింది. జాకెట్టు లైనింగు గుడ్డ మూడు రంగుల్లో కొని పేలికలుగా కత్తిరించుకుంది. వచ్చినవాళ్లను అక్కడే చూసి, చేతికి పేలిక కట్టేది. "మీది పసుపు. లోపల ఎర్రది కట్టినాయన ఉన్నడు, ఆయనను చూసినంక మీరే. అర్ధగంట పట్టొచ్చు. నేను మల్లొచ్చి సూస్త" అని చెప్పేది. చెప్పినట్టే వెళ్లి చూసేది. అరగంటలో పని కాకపోతే అది కూడా చెప్పేది. చిత్రమేమిటంటే అరుపులు సగం తగ్గిపోయాయి. జనానికి ఆగడం కష్టం కాదట, ఎందుకు ఆగుతున్నామో తెలియకపోవడం కష్టమట. నా పట్టికలో ఆ ముక్క లేదు.

సూర్యాపేటలో ఒక సమావేశం పెట్టి చుట్టుపక్కల దవాఖానల వాళ్లను పిలిచారు. అక్కను మాట్లాడమన్నారు. ఆమె లేచి, "ఇది నా తెలివి కాదు సార్. మా చెల్లె సదువుకొచ్చింది. ఆమె చెప్తే నేను కుర్చీ ఏసిన, అంతే" అని నన్ను చూపించింది. అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా పేరు నాకే దానం చేసినట్టు అనిపించింది. ఆ పూట బస్సులో నేను వేరే సీట్లో కూర్చున్నాను. ఆమె కారణం అడగలేదు. వేయించిన పల్లీల పొట్లం మాత్రం ముందు సీట్లోంచి వెనక్కి అందించింది.

ఆ తర్వాత ఏడాదికి ఆమె రెండు రోజులు సెలవు పెట్టింది. మఠంపల్లిలో చర్చి పండుగ. ఇన్‌చార్జి నేను. మొదటిరోజు వచ్చినవాళ్లు వచ్చినట్టు, "పెద్ద సిస్టరమ్మ లేదా?" అని అడిగారు. పదిసార్లు అడిగారో, ఇరవైసార్లో. రెండోరోజు పొద్దున్నే కుర్చీ లోపలికి తెప్పించి మూలన పెట్టించాను. "గుమ్మం బయట కూర్చుని పలకరింపులు చేయడం నర్సు పని కాదు. టేబుల్ దగ్గరికే రానివ్వండి" అన్నాను.

పదకొండు గంటలకు రెండు ఆటోలు గుద్దుకుని ఒక కుటుంబం వచ్చింది. ఒక పిల్లగాడికి మణికట్టు విరిగింది, మిగిలినవి గీతలు. కానీ వాళ్లు పన్నెండు మంది, అందరూ ఒకేసారి అరుస్తున్నారు. వాళ్ల వెనకాల ఒక మనిషి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మేళ్లచెరువు దగ్గర సిమెంటు బస్తాలు లారీలకెత్తే పని ఆయనది. భార్యను వెంటబెట్టుకుని బస్సులో వచ్చాడు. గ్యాసు పట్టిందని చెప్పాడట.

ఆ భార్య నా దగ్గరికి వచ్చింది. "అమ్మా, మా ఆయనకు చెమటలు పోస్తున్నయి."

"వంతు వస్తది. కూసో" అన్నాను, రాస్తూనే.

కాసేపటికి మళ్లీ వచ్చింది. "దవడ గుంజుతుందంటున్నడమ్మా."

"ఒక్కసారి చెప్తే అర్థం కాదా?" అన్నాను.

మూడోసారి ఆమె రాలేదు. కేక వినిపించింది. వెళ్లేసరికి ఆయన బెంచీ కింద పడి ఉన్నాడు. గుండె ఆగింది. ఛాతీ నొక్కాం, షాక్ ఇచ్చాం, మళ్లీ నొక్కాం. నా చేతులు పడిపోయేదాకా నొక్కాను. నాలుగో షాక్‌కు గుండె కొట్టుకుంది. అంబులెన్సులో హైదరాబాద్ పంపాం. ఆయన బతికాడు. కానీ గుండెలో సగం కండరం చచ్చిపోయింది. బస్తా ఎత్తే పని ఇక లేదు.

మర్నాడు అక్క వచ్చింది. రిజిస్టర్ చదివింది. ఎవరినీ ఏమీ అనకుండా నన్ను తీసుకెళ్లి ఆ బెంచీ మీద కూర్చోబెట్టింది.

"గీడికెళ్లి ఏం కనబడ్తుంది?"

"మనుషుల వీపులు."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఆయనకు గూడ గంతే కనబడ్డది చెల్లె." తను కూడా పక్కన కూర్చుంది. "కుర్చీ ఎందుకు తీసినవ్?"

గుమ్మం దగ్గర ఇరుకైందని చెబుదామనుకున్నాను. రాత్రంతా ఆ మాట సిద్ధం చేసుకున్నాను కూడా. నోట్లోంచి వేరేది వచ్చింది. "అందరు నిన్నే అడుగుతున్నరు. నువ్వు లేకున్నా నడుస్తదని చూపిద్దామనుకున్న."

నేను తిట్ల కోసం ఎదురుచూశాను.

"నడవాలె గదా మరి" అంది. "నేను లేకుంటే ఆగిపోతే, ఇగ నేను చేసిందేంది?"

ఆమె పైవాళ్లకు రిపోర్టు రాసింది. నా తప్పు దాచలేదు. కుర్చీ నేను తీయించానని, భార్య రెండుసార్లు చెప్పినా నేను లేవలేదని ఉన్నదున్నట్టు రాసింది. దాని కింద, ఒక్క మనిషి మీద ఆధారపడేలా ఏర్పాటు చేయడం తన తప్పు అని రాసి సంతకం పెట్టింది. నాకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. చివరికి తప్పులో కూడా ఆమె నాకంటే పెద్ద భాగం తీసుకుందని ఆ రోజు నాకు కోపం వచ్చిందంటే మీరు నమ్ముతారా? వచ్చింది.

ఆయన హైదరాబాద్ నుంచి ఇంటికి వచ్చాడని తెలిసిన ఆదివారం నన్ను మేళ్లచెరువు తీసుకెళ్లింది. మంచం మీద ఉన్నాడు మనిషి, సగమైపోయాడు. అక్క మంచం చివర కూర్చుని అలవాటుగా పాదం పట్టుకుంది. తర్వాత నా వైపు చూసి, "చెప్పు చెల్లె" అంది.

చెప్పాను. ఏం జరిగిందో, ఏం జరగాల్సిందో, నేనేం చేయలేదో చెప్పాను. ఆయన భార్య గుమ్మానికి ఆనుకుని వింది.

"రెండుమాట్ల వచ్చిన. నువ్వు నా మొకం సూడలే" అంది.

"చూడలేదు."

"సూస్తే నీకే తెలుస్తుండె."

ఆయన మంచం మీద కదిలి, "పోనియ్యే. గ్యాసని నేనే అన్న గద" అన్నాడు.

"మీరేమన్నా సూడాల్సింది మేమే" అంది అక్క.

ఆ ఇల్లాలు లోపలికి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చింది. ఒకటి అక్క చేతికిచ్చింది. రెండోది నా పక్కన అరుగు మీద పెట్టింది. నేను ఆ రెండు గ్లాసులనూ చూశాను. ఒక మనిషి బతుకు సగం చేసి, క్షమాపణ చెప్పడానికి వెళ్లిన ఇంట్లో కూడా నేను చూసింది అదే. అక్క మాత్రం ఆ తర్వాత మూడుసార్లు వెళ్లి లారీ కాంట్రాక్టరును పట్టుకుని, గేటు దగ్గర కూర్చుని చీటీలు రాసే పని ఆయనకు ఇప్పించింది.

ఆ ఆదివారం తిరిగొచ్చేటప్పుడు, "రేపటికెళ్లి కుర్చీల నువ్వు కూసో" అంది. ముగ్గురు సిస్టర్లకు వంతులు వేసింది, ఒకరు సెలవు పెడితే ఎవరు కూర్చోవాలో కాగితం మీద రాసి అందరితో సంతకం పెట్టించింది. మొదటి నెల నాకది శిక్షే. ఎండ, పొగ, ఆటోల మోత. మెల్లగా నా చేయి కాగితం కంటే ముందు పాదం మీదికి పోవడం మొదలైంది. ఒకరోజు తండా నుంచి వచ్చిన ఒక ముసలమ్మ అక్కనే దాటుకుని, "మొన్న కుర్చీల ఉన్న సిస్టరమ్మ ఏదీ?" అని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అక్క నవ్వుతూ వచ్చి నన్ను పిలిచింది. నేను ఆమె ముఖంలోకి పరీక్షగా చూశాను, కొంచెమైనా బాధ ఉంటుందేమోనని. లేదు. ఎంత వెతికినా లేదు. అది లేకుండా మనిషి ఎట్లా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండేళ్ల కిందట రిటైరయింది. తర్వాత ఒక్కసారి కూడా దవాఖాన మెట్లెక్కలేదు. "నేనొస్తే మీరు నా దిక్కు సూస్తరు, పేషెంటు దిక్కు సూడరు" అనేది. పోయినవారం ఆటోలో తెచ్చేదాకా రాలేదు.

చిన్న సిస్టర్‌ను నేను మూడుసార్లు అడిగాను, మూడు రకాలుగా. ఏమన్నా అన్నదా? ఎవరినన్నా పిలిచిందా? నా పేరెత్తిందా?

"లేదు మేడం. మాట రాలే" అంది పాపం. "ఎర్రది కట్టిన. రెండు నిమిషాలల్ల సారు వచ్చిండు. ఏది ఆగలే మేడం, అన్ని టైముకే చేసినం."

అది నిజమే. కాగితాలు చూశాను. నేనున్నా అంతకంటే బాగా చేసేదాన్ని కాదు. ఆ నిజం మింగడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మఠంపల్లిలో సమాధి చేశారు. అంత జనం వస్తారనుకోలేదు. ఒక్కొక్కరూ వచ్చి నాకు ఆమె గురించి చెబుతున్నారు, నాకేమీ తెలియనట్టు. పాముకాటుకు బతికినామె, కాన్పు కష్టమై వచ్చినామె. నేను తల ఊపుతూ విన్నాను. మా ఇంటి మనిషిని పంచుకోవడానికి ఇంతమందికి హక్కెక్కడిది అనుకుంటూ విన్నాను. అత్తమ్మను ఇద్దరు పట్టుకుని నడిపించారు. ఫాదరుగారి ప్రార్థన అయ్యాక వరుసగా వచ్చి ఒక్కొక్కరు ఒక్కో పిడికెడు మట్టి వేశారు. ఆ ఊళ్లో కాస్త లోతు తవ్వితే తెల్లటి సుద్ద తగులుతుంది. నా వంతు వచ్చినప్పుడు నేను మూడు పిడికిళ్లు వేశాను. నా వెనకున్నవాళ్లు చూశారు. చూడనీ అనుకున్నాను.

సాయంత్రం కోదాడ బస్సెక్కాను. రెండుసార్లు కడుక్కున్నా అరచేతుల గీతల్లో ఆ సుద్ద తెలుపు పోలేదు. పక్క సీట్లో ఉన్నామె చూసి, "ఇంటికి సున్నమేస్తున్నరా అమ్మా?" అని అడిగింది.

కాదని తల అడ్డంగా ఊపాను. చేతులు రెండూ మూసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. కోదాడ వచ్చేదాకా తెరవలేదు.