చెంప మీది వాత

మూడేళ్ల కిందట, డెల్టాలో వరి ఈనే రోజుల్లో జరిగిన సంగతి ఇది. నేను తెనాలిలో చర్మవ్యాధుల డాక్టర్ని. రేపల్లె వైపు పల్లె నుంచి రత్తమ్మ అనే పెద్దావిడ, రెండో తరగతి చదివే మనవరాలు హారికను నా దగ్గరికి తీసుకొచ్చింది. వెనకాల తలవంచుకుని నిలబడిన యువతి సునీత, హారిక సవతి తల్లి. కన్నతల్లి, అంటే రత్తమ్మ కూతురు, జబ్బుచేసి పోయింది.

పిల్ల చెంప నుంచి మెడ దాకా ఎర్రటి చార, మధ్యలో పొక్కులు.

"అట్లకాడతో వాత పెట్టిందండి. కాలిన గాయమని రాసివ్వండి, స్టేషన్‌కి వెళ్తాను. పిల్లని నాతో తీసుకుపోతాను," అంది రత్తమ్మ.

"నేనేం చెయ్యలేదండి," అంది సునీత.

పెద్దలు పిల్లలకు పెట్టిన వాతలు నేను చూశాను. అందుకే ఎవరి మాటా వెంటనే నమ్మలేదు. ఇద్దర్నీ బయట కూర్చోబెట్టి హారికను అడిగాను.

"ఎవరైనా కాల్చారా తల్లీ?"

"లేదు. పొద్దున లేచేసరికి మండింది."

"అంతకు ముందు సాయంత్రం?"

"హోంవర్క్ చేస్తుంటే మెడ మీద చీమ పాకింది. చేత్తో రుద్దేశాను. పుస్తకం మీద పడింది. ఎర్రగా, నల్లగా ఉంది."

రుద్దిన చెయ్యి చాపమన్నాను. మోచేతి మడతకు అటొకటి, ఇటొకటి ఒకేలాంటి మచ్చలు. చెయ్యి ముడిస్తే రెండూ కలుస్తున్నాయి. దీన్ని మేం కిస్సింగ్ లీజన్ అంటాం. చర్మానికి అంటిన రసం, మడత పడినచోట ఎదుటి చర్మాన్నీ పొక్కిస్తుంది. అట్లకాడ అలా కాల్చదు.

నా అనుమానం పెడెరస్ అనే పురుగు మీద. వరిచేలల్లో ఉంటుంది, దీపాలకు వస్తుంది. కుట్టదు, కరవదు. నలిపితే మాత్రం దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాల్చేస్తుంది. ఆ మంట మర్నాటికి గానీ తెలియదు.

పిల్లకు మందు రాసిచ్చి, రత్తమ్మతో అన్నాను: "ఈ పూట వాళ్లింట్లోనే ఉండండమ్మా. ట్యూబ్‌లైట్ కింద వాలిన పురుగుల్ని ముట్టుకోకుండా సీసాలోకి తోసి తీసుకురండి."

మర్నాడు సీసాతో ముగ్గురూ వచ్చారు. పురుగుల్ని తెల్లకాగితం మీద పరిచి, భూతద్దం రత్తమ్మ చేతికే ఇచ్చాను.

"దీనికి కాళ్లెన్ని?"

"ఎనిమిదండి."

"అయితే సాలీడు. పక్కదానికి ఆరు, సన్నటి నడుము, మోచెయ్యిలా వంగిన మీసాలు. అది చీమ. మూడోది చూడండి. ఆరు కాళ్లే గానీ అంత సన్నటి నడుము లేదు. ఒళ్లంతా ఎరుపూ నలుపూ పట్టీలు. రెక్కల మీది నీలి డిప్పలు సగం వీపుకే ఆగిపోయాయి."

"నా మీద పాకింది ఇదే!" అంది హారిక.

రత్తమ్మ చాలాసేపు అద్దం దించలేదు. తర్వాత సునీత వైపు తిరిగి, "కూతురు పోయిన కాడినించీ దీని ఒంటి మీద ఏం కనపడినా నాకు భయమేనమ్మా," అంది.

"మీ భయం నాకు తెలుసు పెద్దమ్మా. కానీ నన్ను అడగలేదు మీరు. అందరికీ చెప్పేశారు," అంది సునీత. అప్పుడు ఏడ్చింది.

రత్తమ్మ అనుమానం తప్పయింది గానీ, పిల్లను వెంటనే డాక్టరు దగ్గరికి తేవడం తప్పు కాదు. ఇంకో ఇంట్లో అది నిజమే అయ్యుండొచ్చు. గాయం చూడగానే ఎవరి వైపూ నిలబడకూడదని, ముందు గాయాన్నే పూర్తిగా చూడాలని ఈ కేసు నాకు నేర్పింది.

మళ్లీ చూపించుకోవడానికి వచ్చేసరికి హారిక చెంప మీద లేత మచ్చ మాత్రం మిగిలింది. బయట బల్ల మీద ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఇంకా ఎడంగానే కూర్చున్నారు. మధ్యలో హారిక, ఒకరి ఒళ్లో తల, ఇంకొకరి ఒళ్లో కాళ్లు పెట్టుకుని నిద్రపోతోంది.