అంబాసిడర్‌కు కమాను కట్ట

మిరప రైతు అంకమ్మరావుకు తండ్రి వదిలివెళ్ళిన అంబాసిడరంటే ప్రాణం. మధ్యాహ్నానికి అది కదలకపోతే పాత ఇనుముకు ఇచ్చేస్తానని భార్య బసవమ్మకు మాటిచ్చి, పొద్దున్నే వెనక చక్రం దగ్గర బరువు మోసే ఉక్కు పట్టీల కమాను కట్ట మార్చడానికి కూర్చున్నాడు. ముందు కొస బోల్టు పట్టింది. వెనక కొస మాత్రం రంధ్రానికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. కట్ట కింద జాకీ పెట్టి తిప్పితే కట్ట సాగదు, బండే పైకి లేస్తుంది.

"బరువుండాలే!" అని అరిచి, మిర్చి కూరిన టిక్కీ బస్తాలు మోసుకొచ్చి డిక్కీలో కుక్కాడు. అతనికీ, పక్కన నిలబడ్డ బసవమ్మకూ తుమ్ములే తుమ్ములు. అయినా చాల్లేదు.

"నువ్వూ ఎక్కవే!"

"నేనేమన్నా టిక్కీనా?" అంటూనే బసవమ్మ వెనక సీట్లో కూర్చుంది.

ఈసారి జాకీ తిప్పగానే కట్ట వంపు తగ్గి పొడవు సాగింది. బోల్టు దూరిపోయింది.

"పట్టిందే! దిగు, దిగు!"

"దిగను," అంది బసవమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "చక్రం బిగించు. అద్దంకి దాకా పోదాం."