గట్టు మీద దారి

పెదనాన్న పోయాడని శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి అన్నయ్య ఫోను చేసేసరికి నేను పక్షుల రక్షిత ప్రాంతం గేటు తాళం తీస్తున్నాను. బస్సు దిగిన బడిపిల్లలు అప్పటికే వరసకట్టి నిలబడ్డారు. వాళ్లని వెనక్కి పంపాలనిపించలేదు. పంపే ఓపిక కూడా లేదన్నది నిజం. దారంతా తిప్పి, అడిగినవాటికి జవాబులు చెప్పి, బస్సెక్కించి, అప్పుడు బయలుదేరాను. ఏం చెప్పానో ఒక్క ముక్కా గుర్తులేదు.

ఆ దారి ఆయన వేసిందే.

ఇప్పుడు మీరు వచ్చి గూడబాతుల్ని చూసి వెళ్లే ఈ చోటు ఒకప్పుడు మా ఊరి వరిపొలాలు. తుపానొచ్చిన ప్రతిసారీ ఉప్పునీరు పైకెక్కి నాట్లు మాడిపోయేవి. చివరికి అందరూ పొలాలు వదులుకున్నారు. అటవీశాఖవాళ్లు కంచె వేసి పిట్టలకి విడిచిపెట్టారు. పొలం ఇచ్చేసే కాగితాల మీద పెదనాన్న అందరికన్నా ఆఖర్న సంతకం పెట్టాడు. మర్నాడే అక్కడ దారి పనిలో చేరాడు. సొంత పొలంలో కూలికెళ్తున్నాడని ఊళ్లో నవ్వారు.

అటవీశాఖవాళ్లు కాగితం మీద దారి తిన్నగా గీసుకొచ్చారు. పెదనాన్న చూసి, "బాబూ, అటు నీరు నడుస్తాది. మనిషి గట్టు మీదే నడవాల" అన్నాడు. ఎవరూ వినలేదు. మొదటి వానకే కంకర కొట్టుకుపోయింది. ఆయన "నే చెప్పలేదా" అనలేదు. పాత పంచె చింపి పుల్లలకి కట్టి, గడ్డిలో మునిగిన పాత గట్ల మీద పాతుకుంటూ పోయాడు. ఆ గుడ్డపీలికల వెంటే ఇప్పటి దారి పడింది. అందుకే అన్ని మలుపులు.

డిగ్రీ చదివానని నాకు అక్కడ గైడు పని ఇచ్చారు. పిట్టల పేర్లు పుస్తకంలో చదువుకున్నాను. ఏ పిట్ట ఏ మడిలో దిగుతుందో ఆయన చూపించాడు. ఇంకెంత దూరమని విసుక్కునేవాళ్లతో, "ఏటి తొందర? పిట్టకి లేదు, నీకెందుకు?" అనేవాడు.

మా పొలం ఉన్నచోట ఒక సిమెంటు బల్ల వేశారు. ఆయన దానిమీద ఎన్నడూ కూర్చోలేదు. ఒకసారి, "అలిసిపోనావు, కూకో పెదనానా" అన్నాను.

"నా పొలంలో నానెప్పుడు కూకున్నానే? ఒంగోడమే గానీ" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కిందటేడు తుపానుకి సరుగుడు చెట్లు విరిగి దారికి అడ్డంపడ్డాయి. మనుషులు దొరకలేదు. మేమిద్దరమే రోజుల తరబడి కొమ్మలు నరికాం. అప్పటికే ఆయనకి ఆయాసం.

"అమ్మీ, నాకు ఊపిరాడ్డం నేదు. నువ్వు కొట్టు, నాను సూస్తాను."

నా అరచేతులు బొబ్బలెక్కాయి. "ఎందుకిదంతా? వారానికి పదిమందైనా రారు కదా!" అని కసిరాను.

"పదిమంది వస్తారు కదేటి" అన్నాడు.

కత్తి విసిరేసి ఇంటికొచ్చేశాను. మర్నాడు వెళ్లేసరికి నేను సగం నరికి వదిలేసిన చెట్టు పక్కకి జరిగి ఉంది. ఒక్కడూ ఎలా జరిపాడో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. క్షమించమని అడుగుదామనే అనుకున్నాను. రోజూ ఇంటికొచ్చేసరికి అలసట. రేపు చూద్దాంలే అనుకునేదాన్ని.

కర్మకాండలన్నీ అయిపోయిన మూడోనాడు పెద్దమ్మ గేటు దగ్గరికొచ్చింది. పొలం ఇచ్చేసినప్పట్నుంచి ఆమె అటు అడుగుపెట్టలేదు.

"మీ పెదనాన ఏసిన దారి ఏదే?" అంది.

చూపించాను. చెప్పులు గేటు దగ్గరే విడిచింది. దారి పొడిగానే ఉంది. అయినా కుచ్చిళ్లు మోకాళ్లదాకా ఎత్తి దోపుకుని, దమ్ముచేసిన మడిలోకి దిగేటట్టు, ముందు ఒక కాలు మెల్లగా మోపి చూసుకుంది. తర్వాత రెండోది.