రాజుగారి చెయ్యి పడితే

మియర్‌లాండ్ రాజు ఓస్గార్‌ గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎదుటివాడి చేతిలో పనిముట్టు కనబడితే ఆయన చేతులు ఊరుకోవు. "ఇటు తే, నేను చూసుకుంటా" అని లాక్కునేవారు. అంతటితో పోతే ఎవరికీ బాధ లేదు. ఆ పని ఆయనకి రాదు. ఆ మాటకొస్తే ఏ పనీ రాదు. రాజ్యపాలన ఒక్కటి వచ్చు. అదొక్కటే ఆయన ఎవరి చేతిలోంచీ లాక్కున్నది కాదు, తండ్రి పోతూ పోతూ ఇచ్చి వెళ్ళింది.

ఈ సంగతి వంటమనిషి విన్‌బర్గ్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆవిడ పెద్దరాజుగారి కాలం నుంచీ ఆ వంటశాలలోనే ఉంది. ఓస్గార్ గారు తప్పటడుగులు వేస్తున్నప్పుడే మొదటిసారి ఆవిడ చేతిలో గరిటె లాక్కున్నారట. అప్పుడు ముద్దొచ్చిందని నవ్వి ఊరుకున్నాననీ, ఆనాడే వీపు మీద ఒక్కటి వేసి ఉంటే దేశం బాగుపడేదనీ ఆవిడ వాపోయేది.

కమ్మరి డుడ్డ కొలిమి దగ్గర ఒకసారి సుత్తి అందుకున్నారు. నాగటి కర్రు సాగగొట్టారు. ఆ కర్రు కట్టుకుని దున్నితే ఎద్దులు తిన్నగా పోవడం మానేసి గుండ్రంగా తిరిగాయి. ఆ ఏడు డుడ్డ చేలో బార్లీ చుట్టలు చుట్టలుగా మొలిచింది. పొరుగూళ్ళవాళ్ళు గట్టెక్కి మరీ చూసి వెళ్ళేవారు.

మరోసారి పడవవాడు హున్న చేతిలోంచి తెడ్డు తీసుకున్నారు. పడవలో ఒక ముసలి సన్యాసి ఉన్నాడు, ఏటి అవతల మఠానికి వెళ్ళాలి. రాజుగారు చెమటలు కక్కుతూ తెడ్డు వేశారు. పడవ ఏటి నడుమదాకా వెళ్ళి, ఆలోచించి, వెనక్కి తిరిగి ఎక్కిన రేవుకే వచ్చింది. చూపు ఆనని ఆ సన్యాసి దేవుడికి దణ్ణం పెట్టి దిగిపోయి, మఠం ఇంకా రాలేదేమిటని సాయంకాలందాకా నడిచాడు.

సాలె క్వేన్ మగ్గం మీద కూర్చుని ఆయన నేసిన గుడ్డ ఈ చివర మూరెడు వెడల్పు, ఆ చివర జానెడు. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఆవిడ మేకకి కప్పింది. మేకకి సరిగ్గా సరిపోయిందని రాజుగారు పొంగిపోయారు.

చివరికి ఊళ్ళో గంట కట్టారు. ఓడదొంగలు వస్తే ఒక రకంగా కొట్టాలి, రాజుగారు వస్తే ఇంకో రకంగా. రాజుగారి గంట వినబడగానే గొడ్డళ్ళు గడ్డివాముల్లోకీ, కొడవళ్ళు మంచాల కిందకీ వెళ్ళిపోయేవి. జనం ఓడదొంగల గంటకి కూడా అంత చురుగ్గా కదిలేవారు కారని సామంతుడు ఈడ్నోత్ తల పట్టుకునేవాడు. ఈ ఈడ్నోత్ రాజుగారికి కుడిభుజం. అతను నవ్వగా చూసినవాళ్ళు ఎవరూ లేరు.

అలాంటి రాజ్యం మీద ఆ శీతాకాలం డేన్లనే ఓడదొంగలు పడ్డారు. పండగ రోజు. రాజమందిరంలో పంది కాలుతోంది, బార్లీ కల్లు పొంగుతోంది. ఏటికి ఎదురుగా ఓడలు ఎప్పుడొచ్చాయో ఎవరూ చూడలేదు. కాపలావాడు గంట కొట్టాడు పాపం. కంగారులో రాజుగారి గంట కొట్టాడు. జనం కత్తులన్నీ దాచేశారు.

ఆ పూట చాలామంది పోయారు. రాజమందిరం తగలబడింది. రాజుగారు మిగిలినవాళ్ళని వెంటబెట్టుకుని చిత్తడినేలల్లోకి పారిపోయారు. చుట్టూ రెల్లు, బురద, నడుమ నీరుకుక్కల దిబ్బ అని ఒక మెరక. అక్కడికి దారి తెలిసినవాడు తప్ప ఇంకొకడు రాలేడు. తెలిసినవాడు కూడా మనసుపడి రాడు.

అంతవరకూ రాజుగారు ఏ పూట ఎవరి నెత్తిన పడతారో అని జనం భయపడేవారు. ఇప్పుడు ఆ భయం లేదు. పొద్దస్తమానం అందరి నెత్తినా ఆయనే. దిబ్బ దాటి ఎక్కడికి పోతారు? ఆయన నేసిన రెల్లు కప్పు వానని ఆపకపోగా పొదుపుగా దాచి, తెరిపిచ్చాక ఇంట్లోకి వదిలేది. పాముచేపలు పట్టడానికి ఆయన అల్లిన బుట్టలోకి చేపలు ఒకవైపు నుంచి వచ్చి, మరోవైపు నుంచి వెళ్ళి, మళ్ళీ వచ్చేవి. పిల్లలకి అదో వినోదం.

వంట సంగతి చెప్పనక్కర్లేదు. దిబ్బ మీద ఉన్నది ఒక్కటే పెద్ద కాగు, రోజుకి ఒక్కసారే జావ. ఒకరోజు రాజుగారు గరిటె అందుకుని దాన్ని అడుగంటా మాడ్చేశారు. విన్‌బర్గ్ కట్టెలు ఏరుకుని వచ్చేసరికి కాగులోంచి నల్లటి పొగ. అందరి ఎదుటా ఆవిడ అనేసింది.

"దొరా, రాజ్యం పోగొట్టారు, సర్లే అనుకున్నాం. ఈ జావ కూడా మీకు బరువైందా?"

ఇంకో రాజైతే ఆవిడ తల కాగులో వేయించేవాడు. ఓస్గార్ గారు గరిటెకేసి చూసి, కాగుకేసి చూసి, పైపైన ఉన్నది బాగానే ఉంది అక్కా అన్నారు. పైపైన ఉన్నది కూడా బాగాలేదు. అయినా తిన్నారు అందరూ, తినక ఏం చేస్తారు.

మంచు కరిగాక డేన్ల నాయకుడు థోర్గిల్స్‌కి దిబ్బ ఆనుపానులు తెలిశాయని కబురు వచ్చింది. ఇక దాక్కుని లాభం లేదు. చిత్తడి దాటి రావడానికి ఉన్నది ఒకే ఒక్క గట్టు దారి. ఆ దారి మొగలో మట్టికట్ట వెయ్యాలి, కట్ట ముందు కందకం తవ్వాలి. ఆడా మగా అందరూ పారలు పట్టారు. అందరి చేతుల్లోనూ పారలే. ఆకలిగొన్నవాణ్ణి పెళ్ళివిందుకి తోలినట్టయింది రాజుగారి పని.

ఈడ్నోత్ ముందే జాగ్రత్త పడ్డాడు. కట్ట మీద చెయ్యి వెయ్యనని శిలువ మీద ప్రమాణం చేయించుకున్నాడు. రాజుగారు మనస్ఫూర్తిగా చేశారు, మధ్యాహ్నందాకా మాట మీద నిలబడ్డారు కూడా. తర్వాత కట్ట మధ్యలో ఎవరి దగ్గరో మొదలుపెట్టి అక్కడివాళ్ళ పారలు ఒక్కొక్కటీ అందుకున్నారు. పొద్దువాలేసరికి కట్టంతా గీత గీసినట్టు ఉంది, మధ్యలో ఒక్కచోట తప్ప. అక్కడ మట్టి ముందుకి ఉబ్బి, కిందికి జారి, తిన్నది అరగనివాడి కడుపులా ఉంది. దానికి జనం "రాజుగారి పొట్ట" అని పేరు పెట్టారు. ఈడ్నోత్ దాన్ని చూసి కట్ట మీదే కూలబడ్డాడు. కూలగొట్టి మళ్ళీ కడదామంటే వ్యవధి లేదు. మర్నాడు పొద్దున్నే రెల్లు అంచున డాళ్ళు మెరిశాయి.

థోర్గిల్స్ తెలివైనవాడు. కట్ట ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసి, ఇంత చక్కటి పనిలో ఈ దరిద్రం ఎవరు చేశారో గానీ చల్లగా ఉండాలని, తన మేటి యోధులందర్నీ తీసుకుని సరాసరి పొట్ట మీదికి ఎక్కాడు. విన్‌బర్గ్ వేడినీళ్ళ కాగు పట్టుకుని పైన నిలబడి ఉంది. ఇవాళ్టితో మన బతుకు సరి అనుకుంది. కాగు వంచాల్సిన పని పడలేదు. డేన్లు సగం ఎక్కారో లేదో, పొట్ట ఒక్కసారి నిట్టూర్చి, మనుషులూ డాళ్ళూ గొడ్డళ్ళతో సహా మొత్తంగా కందకంలోకి జారిపోయింది. కింద బురద నడుములోతు. మేటి యోధులు మొలకల్లా నిలబడ్డారు. వెనక వస్తున్నవాళ్ళు తమ నాయకుణ్ణి ఆ స్థితిలో చూసి, పైన ఎక్కుపెట్టిన బాణాల్ని చూసి, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

థోర్గిల్స్ విరిగిన డాలు చెక్కతో చుట్టూ ఉన్న బురద తోడుకుంటున్నాడు. తోడినకొద్దీ దిగుతున్నాడు. అతని అవస్థ రాజుగారు చూడలేకపోయారు. పార తీసుకుని కందకంలోకి దూకారు.

"కదలకు. నేను చూసుకుంటా."

మొదటి పారెడు మట్టి తీశారు. అది జారి అతని నెత్తిన పడింది. రెండోది తీశారు, అంతకు రెట్టింపు పక్కనుంచి కూలింది. నడుందాకా ఉన్న బురద రొమ్ముదాకా వచ్చింది. రాజుగారు చొక్కా చేతులు మడుచుకుని, భయపడకు బాబూ, ఇంకాసేపట్లో అయిపోతుంది అన్నారు. అయిపోతుందనే థోర్గిల్స్‌కీ అనిపించింది. కట్ట మీద ఉన్న ఈడ్నోత్‌కేసి తలెత్తి బతిమాలాడు.

"అయ్యా, మీరేం చెప్పినా ఒప్పుకుంటా. ఆయన చేతిలో పార తీసుకోండి."

ఈడ్నోత్ అక్కడే, ఆ నిమిషంలోనే, షరతులు చదివాడు. డేన్లు ఏటికి అవతలే ఉండాలి. తోలుకుపోయిన గొడ్లని తోలుకురావాలి. పట్టుకుపోయిన మనుషుల్ని వదలాలి. ఒక్కో షరతుకీ మధ్య రాజుగారు ఒక్కో పారెడు వేస్తూనే ఉన్నారు. గడ్డం మునిగేసరికి థోర్గిల్స్ తన దేవుళ్ళ మీద, వాళ్ళ దేవుడి మీద, కన్నతల్లి మీద ఒట్టేశాడు. అప్పుడు డుడ్డ, హున్న దిగి అతన్ని తాడేసి పైకి లాగారు.

అది రాజుగారి ఎత్తుగడ అని తర్వాత్తర్వాత దేశమంతా చెప్పుకున్నారు. విన్‌బర్గ్ మాత్రం పైనుంచి ఆయన మొహం చూసింది. ఆ మొహంలో ఎత్తుగడ లేదు. ఆ మనిషిని బయటికి తియ్యాలని ఆయన నిజంగానే తవ్వారు.

గొడ్లూ మనుషులూ తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం కట్ట పక్కన విందు. థోర్గిల్స్‌నీ పిలిచారు, అతనూ వచ్చాడు, కాకపోతే రాజుగారికి దూరంగా కూర్చున్నాడు. విన్‌బర్గ్ తెల్లవారకముందు నుంచీ పొయ్యి దగ్గరే ఉంది. మాంసం వడ్డించి, రొట్టెలు వడ్డించి, చివర్లో తేనె వేసిన జావ పొయ్యి మీద పెట్టి, ఒక్క గుక్క కల్లు తాగుదామని బల్ల దగ్గరికి వచ్చింది. అప్పటికే అందరూ హుషారుగా ఉన్నారు. తమ తమ పనుల్ని రాజుగారు ఎలా నాశనం చేశారో పోటీలు పడి చెబుతున్నారు.

డుడ్డ కర్రు కథ ఎత్తుకున్నాడు. "అసలు వచ్చిందెప్పుడు? ఆ ముందురోజే నిప్పు పడి నా అరచెయ్యి బొబ్బలెక్కింది. సుత్తి పట్టుకుంటే ప్రాణం పోతోంది. సరిగ్గా అప్పుడొచ్చి నిలబడ్డారు."

అందరూ పడీ పడీ నవ్వారు. హున్న అందుకున్నాడు. తనకి ఒళ్ళు కాలిపోయే జ్వరమట. ఆ ముసలి సన్యాసి వదలడట. తెడ్డు ఎత్తలేక ఏడుస్తుంటే ఈయనొచ్చి లాక్కున్నారట, తను పడవలో పడి నిద్రపోయాడట, లేచేసరికి మళ్ళీ అదే రేవట.

సాలె క్వేన్ కళ్ళు తుడుచుకుంటూ, నాకు నెలలు నిండాయి, నడుం విరిగిపోతోంది, మగ్గం ముందు కూర్చోలేక లేవలేక చస్తున్నా అంటూ మొదలుపెట్టింది. సగంలో ఆవిడ గొంతు కాస్త నెమ్మదించింది. మేక దగ్గరికి వచ్చేసరికి ముందంత నవ్వు రాలేదు.

విన్‌బర్గ్ మగ్గు కింద పెట్టింది. మీ కథలన్నీ ఒక ఎత్తు, నా జావ ఒక ఎత్తు అంది. "నీరుకుక్కల దిబ్బ మీద నేను తిట్టిన రోజు గుర్తుందా? ఆవేళ పొద్దున్నే కదా మా తమ్ముడు..."

అక్కడ ఆగిపోయింది.

రాజమందిరం కాలిన రోజు తప్పిపోయిన తమ్ముడు ఇక లేడని ఆవేళ పొద్దున్నే ఎవరో వచ్చి చెప్పి వెళ్ళారు. ఆవిడ ఎవరితోనూ అనలేదు. అంతమంది ఆకలితో కూర్చుని ఉంటే ఏడుస్తూ కూర్చుంటే ఎలా? అలాగే గరిటె తిప్పుతూ నిలబడింది. రాజుగారొచ్చి గరిటె లాక్కుని, వెళ్ళి కట్టెలు ఏరుకురా అక్కా అన్నారు. పొయ్యి పక్కన నిలువెత్తు కట్టెలమోపు ఉంది. ఆవిడ రెల్లులోకి వెళ్ళి కరువుతీరా ఏడ్చి వచ్చింది. వచ్చేసరికి జావ మాడింది. ఆ కోపంలో మిగతా రోజు ఎలా గడిచిందో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఆవిడకి గుర్తున్నది మాడిన జావే.

డుడ్డ తన అరచెయ్యి చూసుకుంటున్నాడు. హున్న గొంతు సవరించుకున్నాడు. మనకి బాగున్న రోజున ఆయన వచ్చి పనిముట్టు లాక్కున్న గుర్తు ఎవరికన్నా ఉందా అని ఈడ్నోత్ అడిగాడు. ఎవరికీ లేదు.

"ఏరీ ఆయన?" అంది విన్‌బర్గ్.

రాజుగారి ఆసనం ఖాళీగా ఉంది. గాలి పొయ్యి వైపు నుంచి తిరిగింది. మాడు వాసన వేసింది.

ఆవిడ లేచి గబగబా వెళ్ళింది. రాజుగారు కాగు ముందు నిలబడి, రెండు చేతులా గరిటె పట్టుకుని, పొగలో దగ్గుతూ తిప్పుతున్నారు. ఆవిణ్ణి చూసి, నువ్వు కూర్చో అక్కా, నేను చూసుకుంటా అన్నారు.

"దొరా, ఒక మాట అడుగుతా. ఎవరికి ఒంట్లో బాగాలేకపోతే వాళ్ళ దగ్గరికే వస్తారేం మీరు?"

"అలా అని ఎవరన్నారు?" ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "పని నాకు బాగా వచ్చక్కా. మీరే ఎప్పుడూ మెచ్చుకోరు."

ఎప్పుడైనా అయితే ఆవిడ గరిటె లాక్కునేది. పొద్దుట్నుంచీ నిలబడి కాళ్ళు తిమ్మిరెక్కాయి. పొయ్యి పక్కనున్న దుంగ మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్ళు బారజాపింది. రాజుగారు ఒక గిన్నెలో జావ పోసి, రెండు చేతులతో ఆవిడకి అందించి, ఎదురుగా నిలబడ్డారు.

ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. జావ నమలాల్సి రావడం ఆవిడకి అదే మొదలు.

"ఎలా ఉంది?"

"అడుగు మాడింది. పైన ఉడకలేదు. తేనె బదులు ఉప్పు వేసినట్టున్నారు."

ఆయన మొహం చిన్నబోయింది. అయినా, ఇంకొంచెం వెయ్యనా అని అడిగారు.

విన్‌బర్గ్ గిన్నె ముందుకి చాచింది.

"వెయ్యండి."