బోర్డు మీద బొట్టు

తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద, టైర్ల కొట్టుకు పైన మా ఆఫీసు. పాలలో వెన్న శాతం కొలిచే యంత్రాలు చేసేవాళ్లం. మా ఓనరుకు చెన్నైలో ఎవరో ఒక రకం ప్రాసెసర్లు చవగ్గా అంటగట్టారు. వాటి మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటీ లేదు. వేరే ప్రాసెసర్ల మీద నడిచే ఒక సిస్టమ్ మూలభాగాన్ని, అంటే కెర్నెల్‌ను, ఆ ప్రాసెసర్‌కు తగ్గట్టు తిరగరాయడం నా పని. ఓనరు మాత్రం అది ఫ్లాపీలోంచి కాపీ చేసే పని అనుకున్నాడు. మూర్ఖుడికి చెప్పడం దండగని నేనూ ఊరుకున్నాను. శుక్రవారం డెయిరీ వాళ్లు వచ్చేలోగా యంత్రం లేస్తే నా ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి పోవడమే.

కెర్నెల్ తెర మీద నాలుగు లైన్లు చూపించేది. బోర్డు మీది గడియారం వేగం కొలుస్తున్నానని చెప్పి అక్కడే గుడ్లు తేలేసేది. మూడు వారాలు రాసిందే రాసి చచ్చాను.

సర్క్యూట్ బోర్డులకు విడిముక్కలు సోల్డరింగ్ చేసి అతికించే ఆవిడ వడమాలపేట నుంచి బస్సులో వచ్చేది. పదో తరగతి తప్పిన మనిషి. నా బోర్డు మీద ఒక మూల కుంకుమ బొట్టు పెట్టింది. కంప్యూటరుకు కూడా పూజ చేసే జనంతో పనిచేయాల్సి వచ్చిందే అని నాకు ఒళ్లు మండింది. గురువారం అందరి ముందూ దాన్ని స్పిరిట్‌తో తుడిచి, ఇది గుడి కాదని ఆమెను కడిగేశాను. ఆమె వెళ్లి తన పనిలో పడింది. కెర్నెల్ మళ్లీ అక్కడే ఆగింది.

సాయంత్రం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అది పూజకు పెట్టింది కాదు సారూ. బోర్డుకి ఇంకా రాని ముక్క తావున బొట్టు పెట్టుకునేది నా అలవాటు. ముక్క ఇయ్యాల వచ్చినాది. పెడదామని సూస్తే మీరు తుడిచేసినారు."

బొట్టు ఉన్న చోట ఉండాల్సింది గడియారాన్ని నడిపించే క్రిస్టల్. రెండు ఖాళీ రంధ్రాలు నోరు తెరుచుకుని ఉన్నాయి. కాగితం మీది సర్క్యూట్ బొమ్మను నమ్మి నేను బోర్డును సరిగా చూడనే లేదు. ఆ బొట్టు ఎందుకని ముందే ఆమెను అడగడం నాకు నామోషీ. ఆమె బస్సు వదులుకుని ఆ ముక్క అతికించింది. కెర్నెల్ ఐదో లైను దాటింది.

మర్నాడు డెయిరీ వాళ్ల ముందు ఓనరు, ఇన్నాళ్లూ యాడ తప్పు జరిగిందప్పా అని అడిగాడు.

"ప్రోగ్రాంలో చిన్న తప్పు సార్. నేనే కనిపెట్టినాను," అన్నాను.

ఆమె రెండు బారల దూరంలో పని చేసుకుంటోంది. నా ఉద్యోగం ఖాయమైంది. ఓనరంటే నాకు ఇప్పటికీ చులకనే, కానీ ఆ పూట నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంకా పోలేదు.

సోమవారం నా బల్ల మీదికి కొత్త బోర్డు వచ్చింది. దాని మీద బొట్లు లేవు. రాని ముక్కల పేర్లు చీటీ మీద రాసి అతికించి ఉన్నాయి, ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా.