ముసుగు కింద కంప్యూటర్

దబీర్‌పురాలో నేను సైన్స్ చెప్పిన ప్రైవేటు బడిలో ఒక కంప్యూటర్ల గది ఉండేది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రెండువేల సంవత్సరం తర్వాతి మాట. ప్రతి డబ్బాకూ టైలరుతో కుట్టించిన మఖ్మల్ ముసుగు, అంచుకు జరీ లేసు. దసరాకు మానిటర్ మీద పెట్టిన కుంకుమబొట్టు ఏడాదంతా అట్లాగే ఉండేది. పిల్లలు కిటికీలోంచి చూడాలి, అంతే. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులు గుమ్మంలో నిలబడి చూడాలి.

కోఠిలో నేనొక సీడీ కొన్నాను. బడిపిల్లల కోసమే తయారైన ఆపరేటింగ్ సిస్టమ్. లెక్కల ఆటలు, టైపింగ్, నక్షత్రాల పటం అన్నీ అందులోనే. బడి నడిపే కరస్పాండెంటుకు చూపిస్తే చేత్తో కూడా తాకలేదు.

"ఉన్నది ఖరాబైతే జిమ్మేదార్ ఎవరు మేడం?"

"ఉన్నదాన్ని ముట్టం సార్. దాని లోపట్నే ఉత్తుత్తి కంప్యూటర్ ఒకటి చేస్తం. వర్చువల్ మెషీన్ అంటరు. అండ్ల ఏం చెడిపోయినా అసలుదానికేం కాదు."

"అంటే కడుపుల బిడ్డ లెక్కనా?"

"గట్లనే అనుకోండ్రి. మోసేది మీరైతే కాదు గద."

ఆయన నవ్వి మాటిచ్చాడు. అది మంచిగా నడిస్తే తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రతి శనివారం ఆ గది తెరుస్తారు. నాకు కావలసింది అదే.

చూపించే రోజు ఆడపిల్లలు గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డారు. నక్షత్రాల పటం తెరుచుకుంటుండగా కంప్యూటరే ఆరిపోయింది.

"సూడున్రి, లోపటిది బయటిదాన్ని మింగింది," అన్నాడు కరస్పాండెంట్.

బల్ల కిందికి వంగి చూశాను. పొద్దున నేను తీసి పక్కన పెట్టిన ముసుగు మళ్ళీ సీపీయూ డబ్బా మీదే ఉంది. లాగి చెయ్యి పెడితే పెనంలా కాలింది.

"దుమ్ము పడ్తదని నేనే కప్పిన మేడం," అన్నాడు మా కంప్యూటర్ సారు.

"జరమొచ్చినోనికి రజాయి కప్పి తలుపులేసినట్టున్నది మీ సేవ."

ఫ్యాను కింద చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. నత్తలాగానే, కానీ నడిచింది. ఒకమ్మాయిని కూర్చోబెట్టాను. మౌస్ పట్టుకుని ఆకాశమంతా తిప్పింది.

"టీచర్, గిన్ని చుక్కలు మా మిద్దె మీద కనవడయి."

కరస్పాండెంట్ చుక్కల వైపు చూడలేదు. ఆ పిల్ల లేవగానే జేబురుమాలు తీసి మౌస్ తుడిచాడు, ఆమె చూస్తుండగానే. మురిక్కాలవ పక్కన పెరిగినదాన్ని, నాకు అంత రోత ఎన్నడూ పుట్టలేదు.

"నడిచింది గద సార్. మరి శనివారం?"

"నేను కాదంటలేను మేడం. గని పిల్లలు ముడితే పాతగైతయి. రేపు అడ్మిషన్లకు ఏం చూపెట్టాలె?"

"పిల్లలకు నేర్పినమని చూపెట్టున్రి."

"అది కనవడది గద," అన్నాడు, నాకు లోకజ్ఞానం నేర్పుతున్నట్టు.

ఆ పిల్ల క్లాసుకు వెళ్తూ నా దగ్గర ఆగింది. "మళ్ళెప్పుడు టీచర్?"

"నన్నెందుకమ్మా, సార్‌నడుగు," అన్నాను, ఆయనకు వినబడేట్టు.

అడిగింది కూడా. ఆయన చేతి గడియారం చూసుకుని, "బెల్లు కొట్టిన్రు, పో" అన్నాడు. బెల్లు ఇంకా కొట్టనే లేదు.